లెక్కల పుస్తకము, మట్టితట్ట

ధ్యానభాగము: నెహెమ్యా 5:1–19



మా గ్రామమున ప్రార్థన మందిరమునకు ప్రహరీగోడ కట్టించిన దినములలో పని చూచుకొను బాధ్యత నాకు అప్పగించిరి. వేపచెట్టు క్రింద కుర్చీ వేసికొని, ఒడిలో లెక్కల పుస్తకము పెట్టుకొని కూర్చుంటిని. ఎవరు ఏ వేళకు వచ్చిరి, ఎన్ని తట్టలు మోసిరి, ఎవరు నీళ్ల కుండయొద్ద ఎక్కువసేపు నిలిచిరి, అంతయు వ్రాసితిని. ఒక్క రూపాయి తేడా రానియ్యలేదు. ఎంతో నమ్మకముగా పని జరిగించుచున్నానని అనుకొంటిని. మూడవ దినమున మన సంఘపు ముసలమ్మ యొకతె తట్ట దించి, నడుము పట్టుకొని నిలువబడి, "అయ్యగారూ, ఎన్ని తట్టలో రాస్తన్నారు గానీ, ఒక్కటి ఎంత బరువుందో ఎప్పుడన్నా చూశారా?" అని అడిగెను. అందరును నవ్విరి. నాకు కోపము వచ్చెను. ఇంటికి వెళ్లి భోజనము చేసినను ఆ కోపము పోలేదు. గోడ పని గనుక నెహెమ్యా గ్రంథము చదువుదమని ఆ రాత్రి తెరచితిని.

నెహెమ్యాయు పని చూచుకొనుటకు వచ్చినవాడే. క్రీ.పూ. 445 ప్రాంతమున పారసీక రాజైన అర్తహషస్త ఆయనను యెరూషలేమునకు పంపెను. చేతిలో రాజు పత్రికలున్నవి, వెంట గుఱ్ఱపు రౌతులున్నారు. వచ్చిన దినముననే అందరిని పిలిచి ఆజ్ఞ ఇయ్యవచ్చును. ఆయన మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొందరిని మాత్రము వెంటబెట్టుకొని, ఎవరికిని చెప్పకుండ పడిపోయిన గోడ చుట్టు తిరిగెను. ఒకచోట ఆయన ఎక్కిన పశువు ముందుకు పోవుటకు దారియే లేకపోయెను. ఆ రాళ్ల కుప్పలను కన్నులార చూచిన తరువాతనే, రండి కట్టుదమని జనులతో పలికెను. కట్టుదము అనెను గాని, కట్టుడి అని చెప్పలేదు.

మూడవ అధ్యాయములో పనివారి పేర్ల పట్టిక యున్నది. మనము సాధారణముగా దానిని చదువక దాటిపోవుదుము. అందులో కంసాలివారు ఉన్నారు, పరిమళ ద్రవ్యములు చేయువారు ఉన్నారు, తన కుమార్తెలతోకూడ పనికి వచ్చిన షల్లూము ఉన్నాడు. తెకోవ ఊరివారు పని చేసిరి గాని వారి పెద్దలు మాత్రము మెడ వంచలేదని అక్కడనే వ్రాయబడియున్నది. ఇరువదినాలుగు వందల యేండ్లు గడచినను ఆ పెద్దల సంగతి చెరిగిపోలేదు.

అయితే అసలు పరీక్ష అయిదవ అధ్యాయములో వచ్చినది. గోడ లేచుచుండగా జనులును వారి భార్యలును మొఱ్ఱపెట్టిరి. తిండిగింజలకై పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువబెట్టిరి. రాజు పన్ను కట్టుటకు అప్పుచేసిరి. తుదకు కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగింపవలసి వచ్చెను. అప్పిచ్చినవారు పరదేశులు కారు, సొంత సహోదరులే. వడ్డీ నూరవ భాగమని యున్నది. అది నెలకు అని పలువురు పండితులు గ్రహించిరి. అనగా మన పల్లె మాటలో నూటికి రూపాయి. నూటికి మూడు, అయిదు కట్టుచున్నవారికి ఇది తక్కువగా కనబడవచ్చును. ఆ తక్కువ వడ్డీకే పిల్లలు దాసులైరి.

నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చెను. వెంటనే కేకలు వేయక, మొదట తనలో తాను ఆలోచించుకొని, తరువాత పెద్దలను నిలదీసెను. అప్పుడు ఆయన చెప్పిన మాట చూడుడి: నేనును నా బంధువులును నా దాసులును కూడ వీరికి రూకలు, ధాన్యము అప్పిచ్చితిమి, ఈ వడ్డీ మనము మానుదము అను భావముతో మాటలాడెను. ఎదుటివారి తప్పు పట్టుచు తన పేరు ముందుగా ఆ పట్టికలో వ్రాసికొనెను. నాకైతే ఆ రాత్రి ఈ వచనము దాటి ముందుకు పోవుట కష్టమాయెను. నా పుస్తకములో అందరి పేర్లును ఉన్నవి, నా పేరు లేదు.

ఆయనకు ముందున్న అధికారులు ఆహారము, ద్రాక్షారసము, నలువది తులముల వెండి జనులయొద్ద తీసికొనుచుండిరి. వారి సేవకులు సహితము జనులమీద అధికారము చేసిరి. మేస్త్రీకంటె మేస్త్రీ బావమరది గట్టిగా అరచుట మనమెరుగనిది కాదు. ఆ సొమ్ము లంచము కాదు, అధికారికి న్యాయముగా రావలసినదే. పండ్రెండు సంవత్సరములు నెహెమ్యా దానిని ముట్టలేదు. దినమునకు ఒక ఎద్దు, ఆరు గొఱ్ఱెలు వండించి నూట ఏబదిమందికి తన బల్లయొద్ద భోజనము పెట్టెను. కారణము ఆయనే చెప్పెను: ఆ జనులమీది భారము బరువుగా నుండెను. తట్ట బరువు ఎరిగినవాడు గనుక అట్లు చెప్పగలిగెను.

ఆయన మెత్తనివాడని తలంచవద్దు. పదుమూడవ అధ్యాయములో కొందరిని కొట్టి వెండ్రుకలు పెరికెను. ఆ పని నాకు నచ్చదు, దానిని సమర్థింపను. గోడ మాత్రము ఏబదిరెండు దినములలో ముగిసెను.

మన తెలుగు నేలమీద 1876–78లో వచ్చిన కరువును పెద్దలు ధాత కరువనిరి. అప్పుడు ఒంగోలులోని బాప్తిస్టు మిషనెరీ క్లౌ దొరగారు, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు, బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించుటకు గుత్త తీసికొనెను. బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. విశ్రాంతివేళ వారు పనివారి నడుమ కూర్చుండి మాటలాడుచుండిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. కూలియు గింజలును తన చేతిలో నున్నంతకాలము ఆయన ఇయ్యనొప్పుకొనలేదు. కూటికొరకు వచ్చిరన్న మాట వారిమీద పడరాదని ఆగెను. కరువు సహాయము ముగిసిన తరువాతనే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మన పిల్లలకు సహితము తెలియును. అంతకుముందు ఆయన వద్దని చెప్పిన నెలలను ఎవరును చెప్పుకొనరు.

మన సంఘములలో మేస్త్రీలున్నారు, బడి పెద్దలున్నారు, సంఘపు సొమ్ము చూచువారున్నారు. పని చూపించినందుకు తలకు ఇంత అని కూలిలో కోసికొను అలవాటు మనవారిలోను ఉన్నది. సహోదరుడా, అది వాడుక చొప్పున నీకు రావలసినదే కావచ్చును. నెహెమ్యాకును రావలసినదే. ఈ శనివారము కూలి పంచునప్పుడు, నీ ముందు చేయి చాచిన స్త్రీ ఆదివారము నీ ప్రక్కను రొట్టె విరుచునని జ్ఞాపకము చేసికొనుము. పట్టుకొన్న కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయములో వ్రాసెను.

మరునాడు నేను కుర్చీ తేలేదు. తట్ట ఎత్తితిని. పదవ తట్టకు మెడ పట్టివేసెను, పండ్రెండవదానికి కాళ్లు వణకెను. మట్టికుప్ప గోడకు అంత దూరమున ఎందుకు పోయించితిమో అప్పుడు నాకే అర్థము కాలేదు. మధ్యాహ్నము బండిని పిలిపించి కుప్పను దగ్గరకు తోలించితిని, నీళ్ల కుండను గోడయొద్దకే తెప్పించితిని. ముసలమ్మ ఏమియు అనలేదు. నా తట్ట మాత్రము సగమే నింపెను.