నీళ్లు పచ్చబడితే తప్పెవరిది?





ఈసారి మీతో మా ఇంటెనక హౌజు ముచ్చట చెప్పాలనుకుంటున్నాను. నవ్వకండి. ప్రతి ఆదివారం విహారంలో పంచశీలాలు చదువుతున్నాం. ఇంటికొచ్చినంక వాటిని ఎక్కడ పెట్టి పరీక్షించుకుంటున్నాం? నాకైతే ఎండకాలం ఒక పొద్దున మా హౌజు దగ్గర ఆ పరీక్ష ఎదురైంది.

హౌజు పెద్దదేం కాదు. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, మోకాలి కంటే కొంచెం ఎక్కువ లోతు. బోరు నీళ్లు. అందులో గప్పీలు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. కానీ మాకది ఉత్త సోకు కాదు. మా నాయినమ్మ బోధన్ పక్క పల్లెలో ఊరబావి గట్టు ఎక్కకుండా, ఎవరో దయతలచి పైనుంచి పోస్తే కుండ పట్టుకున్న మనిషి. ఆమె మునిమనుమరాలు నిజామాబాద్‌లో తన ఇంటి నీళ్లలో చేయి పెట్టి చాపలకు మేత వేస్తున్నది. అందుకే ఆ నీళ్లు పాడైతే నాకు మనసున పట్టలేదు.

ఏప్రిల్‌లో నీళ్లు పచ్చగా మారినయి. గోడలకు పాచి, దాని మీద నత్తలు. ఒక్కటి పోయి వంద. చేతితో గీకితే వారంలో మళ్లీ వచ్చింది. నాకు కోపం వచ్చింది. పంటకు మందు కలపడానికి తెచ్చిన మైలుతుత్తం ఇంట్లో ఉండె. ఒక సాయంత్రం పిడికెడు కరిగించి పోసిన. పాచి, నత్తలు రెండూ ఒక్క దెబ్బకు పోతాయని.

తెల్లారి చూస్తే చాపలన్నీ వెల్లకిలా తేలినయి. నా బిడ్డ ఏడ్వలేదు. నా దిక్కు చూసి అడిగింది: "బాపూ, మొన్న ఆదివారం పాణాతిపాత అంటే ఏందో నువ్వే చెప్పినవు కదా?"

జవాబు ఇయ్యలేకపోయిన.

తర్వాత తెలుసుకున్నది చెబుతాను, మీకూ పనికొస్తుంది. పాచి పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అదే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందుకే పాచి ఎక్కువున్న నీళ్లలో తెల్లవారుజామున చాపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. పాచిని ఒక్కసారే చంపితే అది కుళ్లుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును కూడా తాగేస్తాయి. మైలుతుత్తం విషం చాపల మొప్పలను కూడా దెబ్బతీస్తుంది. చెరుకు నేల మీద పుట్టిన మనకు ఇంకో తీరుగా చెప్పొచ్చు: మొలాసిస్ నీళ్లలో కలిస్తే చాపలు చచ్చేది తీపి విషమై కాదు. ఆ తీపిని తినడానికి పుట్టిన కోట్ల సూక్ష్మజీవులు గాలిని మింగడం వల్ల.

మరి పాచి ఎందుకు వచ్చింది? నేనే పిలిచిన. పిల్ల మూడు పూటలా మేత వేస్తుంటే ముద్దుగా చూసిన. తినగా మిగిలింది అడుగున కుళ్లింది. చెట్ల ఆకులు పడ్డయి, తియ్యలేదు. పక్కన పూలకుండీలకు యూరియా వేసిన, వాన ఆ నీళ్లను హౌజులోకి తోసింది. పైన పూర్తి ఎండ. మేత, ఎండ రెండూ ఉన్నచోట పాచి రాకుండా ఎట్ల ఉంటది? ఆ కుళ్లు, పాచి ఉన్నయి కాబట్టి నత్తలు వచ్చినయి. ఇది ఉంటే అది పుడుతుంది, ఇది ఆగితే అది ఆగుతుంది. పటిచ్చ సముప్పాదం అని నోరారా చెప్పుకునేది ఇదే. పుస్తకంలో అర్థమైంది, హౌజులో కాలేదు.

సంయుత్త నికాయంలో సంగారవుడనే బ్రాహ్మణుడికి బుద్ధుడు నీళ్ల గిన్నె పోలిక చెబుతాడు. మనసును కమ్మే అయిదు అడ్డంకులకు అయిదు రకాల నీళ్లు. కోరిక లక్క, పసుపు వంటి రంగులు కలిపిన నీళ్లు. పసుపు మార్కెట్ ఊరోళ్లం, మనకు ఈ పోలిక ఇంకెవరూ విప్పి చెప్పనక్కరలేదు. కోపం మరిగే నీళ్లు. మత్తు, బద్ధకం పాచి కమ్మిన నీళ్లు. కలత గాలికి చెదిరే నీళ్లు. సందేహం చీకట్లో పెట్టిన బురద నీళ్లు. ఏ నీళ్లలోనూ మన ముఖం కనబడదు. నా హౌజులో పాచి ఉండె, నా తలలో నీళ్లు మరుగుతుండె. కోపంతో పాచిని తీయబోయిన.

నీళ్లకు మైల అంటగట్టడం ఈ దేశానికి తెలిసిన విద్యే. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో పోయి చవుదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు చెరువు మైలపడ్డదని పేడ, మూత్రం, పాలు, పెరుగు కుండలతో "శుద్ధి" చేశారు. చూడండి, ఆ కుండల్లో ఉన్నదే పాచికి అసలు మేత! కారణం వెతకనివాడు శుద్ధి పేరుతో కూడా నీళ్లను చెడగొడతాడు. నా మైలుతుత్తం కూడా అసొంటి శుద్ధే అయింది, ఒప్పుకుంటున్నాను.

ఇగ నత్తల సంగతి. శీలం తీసుకున్నోళ్లం, తీసేయొచ్చా? 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడమరిచారు. శీలాన్ని గుడ్డి నియమంగా కాదు, ఆలోచించి నడిచే సూత్రంగా చూడమన్నారు. నేను మైలుతుత్తం పోసింది అవసరంతో కాదు, కోపంతో. అయితే ఇంకో మోసం కూడా ఉంది. కొందరు నత్తలను ఏరి కాలువలో పారేసి ప్రాణం తీయలేదని సంబరపడతారు. కొన్ని రకాల నత్తలు గొర్రెలకు, పశువులకు జలగ వ్యాధి మోసుకొస్తాయి. కింద గొర్రెలు తాగే నీళ్లలో వాటిని వదలడం దయ ఎట్లయితది?

ఇప్పుడు మేం చేస్తున్నది ఇది. మేత రోజుకు ఒక్కసారి, అయిదు నిమిషాల్లో తిన్నంతే. సగం నీళ్లకు కలువాకుల నీడ. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తోడి మొక్కలకు పోసి, కొత్త నీళ్లు కలుపుతాం. నల్లా నీళ్లయితే ఒక రోజు తొట్టిలో ఉంచి పోయాలి, క్లోరిన్ పోవాలి. సాయంత్రం సొరకాయ తొక్క దారం కట్టి నీళ్లలో వేస్తే పొద్దుగాల దానికి నత్తలు పట్టుకొని ఉంటాయి. ఎక్కువైనవి పక్కింటి కోళ్లకు పోతాయి, పదో పదిహేనో పాచి తినడానికి ఉంటాయి. కోళ్లకు వేయడం ప్రాణం తీయడమే కదా అని మీరు అడగొచ్చు. అవును. నా బిడ్డ కూడా అడిగింది. ఈసారి కోపం లేదని, మేత తగ్గించినంక వాటి సంఖ్యా తగ్గుతున్నదని మాత్రమే చెప్పగలిగిన. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

మీ ఇంట్లోగానీ విహారంలోగానీ చాపల తొట్టి ఉంటే, రేపు సూర్యుడు పొడవకముందే ఒకసారి పోయి చూడండి. చాపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే చెంబుతో నీళ్లు ఎత్తి పైనుంచి పోస్తూ ఉండండి, గాలి కలుస్తుంది. ఆ రోజు మేత వేయకండి. కుళ్లిన ఆకులు తీయండి. మందు డబ్బా ఎక్కడుందో అక్కడే ఉండనీయండి.

జై భీమ్.