ఆరోగ్యం కోసం చేస్తే అది ఉపవాసమేనా?



ఏకాదశి మాట ఎత్తగానే మన యూత్ అడిగే మొదటి ప్రశ్న, "దీనివల్ల బరువు తగ్గుతామా అండీ?" అడగడంలో తప్పేం లేదు. కానీ నాకు దాని వెనకాల ఇంకో ప్రశ్న కనిపిస్తుంది. లాభం చూసుకుని చేసేది వ్రతమా, డైటా?

నాది జహీరాబాద్. మా దగ్గర క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లలో కొందరు పాటించే 'దానియేలు ఉపవాసం' ఈ ప్రశ్నకి బాగా పనికొస్తుంది. బైబిల్ కథ ఇది. బబులోను రాజు నెబుకద్నెజరు యూదా యువకుల్ని చెరపట్టి, తన భోజనంలోంచే వాళ్లకి రోజూ వాటా పెట్టమన్నాడు. దానియేలు, ముగ్గురు స్నేహితులు వద్దన్నారు. పది రోజులు కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడమన్నారు. పదో రోజుకి వాళ్ల ముఖాలే మిగతావాళ్లకంటే కళగా ఉన్నాయట. తర్వాత ఇంకోసారి దానియేలు మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు. ఇప్పటి 21 రోజుల పద్ధతి అక్కడిదే.

2010లో అమెరికాలోని మెంఫిస్ యూనివర్సిటీవాళ్లు 43 మందితో 21 రోజులు ఇది చేయించి చూశారు. బీపీ, కొలెస్ట్రాల్ తగ్గాయి. అయితే మంచి కొలెస్ట్రాల్ కూడా కొంత తగ్గింది. పైగా పోల్చి చూడడానికి ఉపవాసం చేయని గుంపు లేదు. కాబట్టి ఆశ కలిగించే ఫలితమే గానీ, ఆఖరి మాట కాదు.

ఇక్కడ గమనించండి. దానియేలు ముఖకళ కోసం మానలేదు. తన నియమం చెడగొట్టుకోకూడదని మానాడు. కళ తర్వాత వచ్చింది. గీత 17వ అధ్యాయం చెప్పేదీ ఇదే కదా! ఫలం ఆశించకుండా చేసేది సాత్త్విక తపస్సు. గొప్ప కోసం చేసేది రాజసం. శరీరాన్ని హింసించడాన్ని కృష్ణుడు అసలు మెచ్చుకోలేదు.

ఇంకో విచిత్రం. ఏకాదశికి మనం ధాన్యం మానేస్తాం. దానియేలు ఉపవాసంలో ముడి ధాన్యం తినొచ్చు. అంటే ఉపవాసం బలం ఫలానా పదార్థంలో లేదు, "ఇది నాకు వద్దు" అనుకునే మనసులో ఉంది. ఉపవాసం అంటేనే దగ్గరగా ఉండడం. మరి ఏకాదశి రోజు నేతి సగ్గుబియ్యం మూడుసార్లు తింటే ఎవరికి దగ్గరైనట్టు?

మా పక్కనే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళితులు, బీడు భూముల్ని బాగుచేసి జొన్న, సజ్జ, కొర్ర పండించారు. విత్తనాలు తామే దాచుకున్నారు. రేషన్ బియ్యం మీదే ఆధారపడకుండా 1990ల్లో తమ జొన్నలతోనే ఊళ్లలో ధాన్య నిధులు పెట్టుకున్నారు. వాళ్లకి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. జొన్నరొట్టె, చేను గట్టున దొరికే ఆకుకూర వాళ్లకి వ్రతం కాదు, రోజువారీ తిండి. మనం 21 రోజులు చేసి ఫొటో పెట్టేదాన్ని వాళ్లు ఏళ్లుగా తింటున్నారు. అది తలుచుకుంటే నా ఉపవాసం గొప్పదని చెప్పుకోబుద్ధి కాదు.

అందుకే నేను రెండు ప్రశ్నలు పెట్టుకుంటాను. రిపోర్టులో ఒక్క నంబరూ మారకపోయినా ఈ వ్రతం చేస్తానా? నేను మానేసిన పూట తిండి ఆకలితో ఉన్న ఇంకొకరికి చేరిందా? రెండింటికీ అవునంటే, వచ్చే ఆరోగ్యం ప్రసాదం అనుకుని హాయిగా తీసుకోవచ్చు.

ఒక్క మాట. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. దేవుడు దానికేం కోపగించుకోడు.