బిడ్డ మాటను నమ్ముట



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలను చెప్పినాడు. వానిలో రెండింటిని బిడ్డలను కన్నవారు తరచుగా స్మరింపవలెను.

శివునకు తల్లి లేదని బెజ్జమహాదేవి మిక్కిలి వగచినది. తానే తల్లియై లింగమునకు నూనె అంటి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టినది. శివుడు మెచ్చి ప్రత్యక్షమైనాడు. లోకము ఆమెను అమ్మవ్వ అని కొలిచినది. ఆమె చేసిన పూజ ప్రతి తల్లియు ఇంట చేయు పనియే.

గొడగూచి కథ వేరు. తండ్రి పొరుగూరికి పోవుచు, దినదినము శివునకు పాలు ఆరగింపు చేయుమని చిన్నారి కూతునకు చెప్పినాడు. శివుడు పాలు త్రాగకుండుట చూచి ఆ పసిది ఏడ్చి, బ్రతిమాలి, ప్రాణము విడువబోయినది. అప్పుడు శివుడు త్రాగినాడు. తండ్రి మరలివచ్చి ఆమె చెప్పిన సత్యమును నమ్మక, నీవే త్రాగితివని కొట్టబోయినాడు. ఆమె లింగమును కౌగిలించుకొని అందులో లీనమైనది. తండ్రి చేతికి చిక్కినవి తలవెండ్రుకలు మాత్రమే. దేవుడు ఆదరించిన బిడ్డను కన్నతండ్రి నమ్మలేకపోయినాడు.

నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమలో మిరప కోతలు, పత్తితీతలు సాగు దినములలో తల్లిదండ్రులు ప్రొద్దుగూకిన పిదప అలసి ఇల్లు చేరుదురు. కాయకము పూజ్యమే. కాని బిడ్డ తన మాట చెప్పవలెనని గుమ్మమున వేచియుండును. "పలక పగిలినది, నేను పగులగొట్టలేదు" అనును. పూర్తిగా వినకమునుపే చేయి ఎత్తుట గొడగూచి తండ్రి చేసిన పనియే. అటుపై ఆ బిడ్డ లింగమున లీనము కాదు, మౌనమున లీనమగును.

బిడ్డ అబద్ధమాడినచో ఏమి చేయవలెనని కొందరు అడుగుదురు. ముందు వినవలెను, పిదప నిదానముగా విచారింపవలెను, తప్పు తేలినచో సరిదిద్దవలెను. కలకును నిజమునకును భేదము ఎరుగని పసితనమున కల్పించిన మాటలన్నియు మోసములు కావు. ప్రశ్నించు బిడ్డను ఎదురాడువాడని తలపరాదు. ఉపనయనము వలదని తండ్రితో వాదించిన బసవేశ్వరుడు అప్పటికి బాలుడే గదా! 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. ఇంటిలో ఇష్టలింగమే సాక్షి.

వీరశైవుడు ఇష్టలింగమును కరమున నిలిపి దృష్టి చలింపక చూచును. ఆ చూపును కొంతసేపు బిడ్డపైనను నిలుపవలెను. సెల్‌ఫోను చేతికిచ్చి అన్నము తినిపింపక, ముద్దముద్దకును ఒక మాట కలుపవలెను. వారమునకొకమారు తలంటి పోయవలెను. పూజవేళ విభూతి అందించుట, మొక్కకు నీరు పోయుట వంటి చిన్న కాయకము అప్పగించి మెచ్చుకొనవలెను.

శరణులారా! నేటి రాత్రి దీపము పెట్టిన పిదప బిడ్డను చేరబిలిచి, "ఈ దినము ఏమి జరిగినది నాయనా?" అని అడుగుడు. మాట ముగియువరకు వినుడు. ఆ పాలు శివుడు త్రాగెనో లేదో పిమ్మట విచారింపవచ్చును.