దాచిన నీరు ఎవరిది?

లదాఖ్‌లోని లేహ్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. అక్కడి బార్లీ చేలకు కొండమీది మంచు కరిగి వచ్చే నీరే ఆధారం. విత్తవలసినది వసంతంలో, ఎత్తున ఉన్న హిమానీనదాలు బాగా కరిగేది జూన్‌లో. భూమి వేడెక్కి ఆ హిమానీనదాలు వెనుకకు తగ్గుతున్నకొద్దీ రైతుకు ఈ ఎడము మరింత కష్టమవుతున్నది.

చెవాంగ్ నార్ఫెల్ అనే ఇంజనీరు 1980ల చివరినుండి, చలికాలంలో వృథాగా పోయే వాగునీటిని ఊరికి దగ్గరగా, నీడపట్టున నిలిపి గడ్డకట్టించాడు. తరువాత సోనమ్ వాంగ్‌చుక్ బృందం గొట్టాలతో నీటిని చిమ్మించి మంచుస్తూపాలు నిలిపింది. విత్తులవేళకు అవి కరుగుతాయి.

మెచ్చుకోదగినదే. అయితే మనము "వృథా" అన్న మాట దగ్గర ఆగాలి. ఎగువవారికి వృథా అయిన నీరు దిగువ ఊరి ఊటకు ఆధారం కావచ్చు, పశువుల దాహం తీర్చవచ్చు. దాచిన శ్రమ ఎగువవారిదే. నీరు కూడా వారిదేనా? శ్రమించినవారికే ఫలం దక్కాలన్న మాట, చెరకుతోటల ఒప్పందకూలీల సంతతివారమైన మనకు వెంటనే న్యాయమని తోస్తుంది. అయినా వాగును ఎవరూ శ్రమించి పుట్టించలేదు.

లదాఖ్ గ్రామాలలో చుర్పోన్ అనే నీటిపెద్ద ఏ చేనికి ఎప్పుడు నీరు వదలాలో చూస్తాడు. రాయలసీమ చెరువుల కింద నీరుగంటి చేసిన పని కూడా ఇటువంటిదే. ఆ వంతులు పారే నీటికి ఏర్పడినవి. స్తూపంగా నిలిపిన నీరు కొత్త సంగతి. కనుక శరదృతువులోనే, గొట్టం బిగించకముందే, దిగువ ఊరివారిని పిలిచి కూర్చోవాలని మా అభిప్రాయం. మే నెలలో చేలు నీటికై ఎదురుచూస్తున్నప్పుడు ఆ మాట ఎత్తితే వినే ఓపిక ఏ ఊరికీ ఉండదు.