చేతికి అమరిన ఆయుధం

పనిముట్టును తన చేతికి తగినట్లు దిద్దుకోవడం మనిషికి సహజం. వడ్రంగి బాడిసె పిడిని తన పిడికిలికి సరిపడేలా చెక్కుకుంటాడు. కోతకు వెళ్లే కూలీ కొడవలి పిడికి గుడ్డ చుట్టుకుంటాడు. నజరేతులో పునీత యోసేపుగారి పనిముట్లు కూడా ఇలాగే చేతివాటానికి అరిగి నునుపు తేలి ఉంటాయని ఊహించుకోవచ్చు. మరి ఆ పనిముట్టు ప్రాణం తీయగల ఆయుధమైతే? అప్పుడు మన అభిరుచికి హద్దు ఎక్కడ? అమెరికాలో తరతరాలుగా సాగుతున్న ఒక అలవాటు ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది.

కోల్ట్ కంపెనీవారి సింగిల్ యాక్షన్ రివాల్వరును 1873లో అమెరికా సైన్యం స్వీకరించింది. దానికి 'పీస్ మేకర్' అన్న పేరు స్థిరపడింది. అంటే శాంతిస్థాపకుడు! కొండమీది ప్రసంగంలో ప్రభువు ధన్యులని పలికినవారి పేరు ఒక తుపాకికి దక్కింది. ఈ రకం రివాల్వరులో ప్రతి గుండుకూ ముందు, వెనుకనున్న సుత్తిని బొటనవేలితో లాగాలి. ఆ తరువాత ట్రిగ్గర్ నొక్కితేనే అది పేలుతుంది. దీనిని కొన్నవారు ఏళ్ల తరబడి తమకు నచ్చినట్లు మార్చుకుంటూ పోతారు. ఒక ఏడు పిడి మారుస్తారు: దంతమో, జింక కొమ్మో, నాణ్యమైన కర్రో. మరో ఏడు గురిచూసే మొనను మారుస్తారు. ఆపైన స్ప్రింగులు తేలిక చేయిస్తారు, లోహంమీద లతలు చెక్కిస్తారు. ఐడహో రాష్ట్రంలో నివసించిన ఎల్మర్ కీత్ 1920లలో ఇలా తీర్చిదిద్దించుకున్న 'ఐదవ నంబరు' రివాల్వరును నేటికీ ఒక నమూనాగా చెప్పుకుంటారు.

ఇందులో తప్పేముంది అని అడగవచ్చు. నిజమే. ఓర్పు, నైపుణ్యం, వస్తువును జాగ్రత్తగా చూసుకోవడం మంచి గుణాలే. వారిలో చాలామంది గురి పోటీలకు, వేటకు వాడుకునేవారే. న్యాయమైన ఆత్మరక్షణను శ్రీసభ కూడా అంగీకరిస్తుంది. కాబట్టి తుపాకి ఉన్న ప్రతివానిని దోషి అనడం న్యాయం కాదు.

అయినా రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది అలంకారం. జార్జ్ ప్యాటన్ అనే యువ సైనికాధికారి 1916లో చెక్కడపు పనితో, దంతపు పిడితో ఉన్న కోల్ట్ రివాల్వరును కొన్నాడు. పిడిమీద అతని పేరులోని అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ ఏడాది మే నెలలో మెక్సికోలో జరిగిన ఒక పోరులో ముగ్గురు మరణించారు. ఆ తరువాత ప్యాటన్ ఆ పిడిమీద రెండు గాట్లు పెట్టుకున్నాడు. అతడు సైనికుడు, అది పోరాటం. దానిని గురించి తీర్పు చెప్పడం మన పని కాదు. కాని తెల్లని దంతంమీద యజమాని పేరు, మృతుల లెక్క ఒకే అందంలో కలిసిపోయాయి. ఒక్కొక్క గాటు ఒక తల్లి కన్న బిడ్డ. అందం ఆ సంగతిని మరపించకూడదు.

రెండవది భద్రత. పాత సింగిల్ యాక్షన్ రివాల్వరులో సుత్తి కింద తూటా ఉన్నప్పుడు అది జారిపడితే దానంతటదే పేలే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవారు ఆరు గూళ్లలో అయిదింటినే నింపి, సుత్తి కింద గూడును ఖాళీగా ఉంచుతారు. రూగర్ కంపెనీ 1973లో తన రివాల్వర్లలో ఒక చిన్న లోహపు పట్టీని అమర్చింది. ట్రిగ్గర్ నొక్కితే తప్ప సుత్తి దెబ్బ తూటాకు చేరదు. ఆ తరువాత తన పాత రివాల్వర్లకు కూడా తగిన భాగాలను ఉచితంగా అమర్చి ఇస్తానని ప్రకటించింది. అయినా ట్రిగ్గర్ మునుపటంత హాయిగా ఉండదని ఆ మార్పు వద్దనుకున్నవారున్నారు. "నేను అయిదే నింపుతాను, నాకు జాగ్రత్త తెలుసు" అంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కాని ఆ జాగ్రత్త ఒక్క మనిషి జ్ఞాపకంమీద నిలిచి ఉంది. తుపాకి కొడుకు చేతికి, మనుమడి చేతికి వెళ్తుంది. జ్ఞాపకం దానితోపాటు వెళ్తుందా?

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఐదవ ఆజ్ఞను వివరిస్తూ, గంభీరమైన కారణం లేకుండా ఎవరినీ ప్రాణాపాయానికి గురిచేయరాదని బోధిస్తుంది. వేలికి కలిగే హాయి గంభీరమైన కారణం కాజాలదు. అభిరుచి దేవుడిచ్చిన వరమే, కాని పొరుగువాని ప్రాణం అంతకన్న పెద్ద వరం.

ప్రియ పాఠకులారా, అమెరికా విచారణలలో సేవచేస్తున్న మన తెలుగు గురువులకు, అక్కడ స్థిరపడిన మన బిడ్డలకు ఇది పొరుగింటి సంగతి. మన ఇళ్లలో తుపాకి లేకపోవచ్చు, మోటారు సైకిలు మాత్రం ఉంది. అందం కోసం అద్దాలు పీకించే కుమారుణ్ణి కూడా ఇదే ప్రశ్న అడగాలి: "నాయనా, ఈ మార్పు వల్ల నీకు కలిగే ముచ్చట ఎంత? ఎదుటివానికి కలిగే అపాయం ఎంత?" ఆ రివాల్వరు యజమాని ప్రతిసారీ సుత్తిని తన చేతితోనే లాగాలి. అది ఒక్క క్షణమే అయినా, ఆగి ఆలోచించడానికి దొరికిన క్షణం. మన వస్తువులను ఎంత తేలికగా పనిచేసేలా దిద్దుకున్నా, ఆ క్షణాన్ని మాత్రం పోగొట్టుకోవద్దు.