పాత సైకిలు - కొత్త ప్రశ్న



నా సైకిలుకు ఈ యేటితో ఇరవై ఏడేళ్ళు నిండాయి. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, రాడ్డు బ్రేకులు, వెనుక పెద్ద క్యారియరు. మీ నాన్నగారో, తాతగారో తొక్కినటువంటిదే. బడికి వెళ్ళినా, ఆదివారం పూజకు వెళ్ళినా, మిల్లుకు వడ్ల బస్తా వేసుకెళ్ళినా అదే. నేను ఉద్యోగ విరమణ చేశాను గాని, అది మాత్రం ఇంకా చేయలేదు.

మొన్న పండుగకు వచ్చిన మా పెద్దవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, ఇక దీన్ని వదిలెయ్యి. మంచిది కొనిస్తాను" అంటూ ఫోనులో బొమ్మ చూపించాడు. అల్యూమినియం ఫ్రేము, ఇరవై నాలుగు గేర్లు, డిస్కు బ్రేకులు. నా సైకిలు ఇరవై కిలోల వరకు తూగుతుంది. అది పదమూడు కిలోలేనట. ధర నలభై రెండు వేలు! "నాకెందుకురా అంత ఖరీదుది? అక్కర లేదు" అన్నాను. వాడు నవ్వి ఒక్క మాట అడిగాడు: "నీకు అక్కర లేదా, అక్కర లేనివాడివని అనిపించుకోవాలనా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడన్నదాంట్లో నిజం లేకపోలేదు. "మాస్టారు ఎంత నిరాడంబరుడో చూడండి, ఇంకా ఆ పాత సైకిలే" అని ఎవరైనా అంటే నా చెవికి ఇంపుగానే ఉంటుంది. కొత్త సైకిలు చూపించుకుని గర్వపడేవాడికీ, పాత సైకిలు చూపించుకుని గర్వపడే నాకూ భేదమేమిటి? ఇద్దరమూ సైకిలు మీద కన్నా ఇతరుల చూపు మీదనే ఎక్కువ స్వారీ చేస్తున్నాం. పేదరికమూ ఒక్కోసారి అలంకారమవుతుంది. ఇది నేను నా గురించి చెబుతున్నాను. మీకూ వర్తిస్తే తీసుకోండి.

మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. కిందటి వానాకాలం కాలవ గట్టు దిగుతుండగా బ్రేకు పడలేదు. ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు పట్టు జారిపోతుంది. నా రబ్బర్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. బడి వదిలి వస్తున్న ఒక ఆడపిల్ల పక్కకు గెంతింది కనుక సరిపోయింది. పుస్తకాల సంచి బురదలో పడింది. "ఫరవాలేదు తాతా" అన్నది ఆ తల్లి. నాకు కాళ్ళు వణికాయి. నా పొదుపుకు వెల చెల్లించవలసింది ఆ పిల్లా? దానికి ఏ హక్కుతో పొదుపు అని పేరు పెట్టుకున్నాను? అది పొదుపు కాదు, అశ్రద్ధ.

కనుక "పాతది పుణ్యం, కొత్తది పాపం" అని తేల్చేయడానికి వీల్లేదు. మరి ఎంతవరకు అవసరం, ఎక్కడి నుండి ఆడంబరం? పదమూడవ శతాబ్దంలోనే పునీత థామస్ అక్వినాసు ఈ ప్రశ్న వేసుకున్నారు. తన స్థితికి తగినట్టు బతకడానికి కావలసినది ఒక గీత గీసినట్టు ఉండదనీ, దానికి కొంత చేర్చినా మితిమీరినట్టు కాదనీ, కొంత తీసివేసినా లోటు రాదనీ వారి అభిప్రాయం. మనందరికీ ఒకే కొలత లేదన్నమాట. అరకు కొండ దారిలో రోజూ పనికి పోయేవాడికి గేర్లు ఆడంబరం కావు. మోకాళ్ళ నొప్పులున్నవాడికి తేలిక సైకిలు వైద్యమే. మా డెల్టాలో నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఇక్కడ ఇరవై నాలుగు గేర్లలో నేను మార్చేది ఎన్ని?

గీత లేదు కాబట్టి జారిపోవడమూ సులువే. ఫ్రాన్సు రచయిత డిడెరో 1769లో ఒక వ్యాసం రాశారు. ఆయనకు చక్కని ఎర్రని అంగీ ఒకటి కానుకగా వచ్చింది. అది తొడుక్కున్నాక గదిలో గడ్డి అల్లిన కుర్చీ వెలవెలబోయింది, తోలు కుర్చీ వచ్చింది. తరువాత బల్ల మారింది, గోడ మీద పటాలు మారాయి. చివరకు పాత అంగీకి తాను యజమానిననీ, కొత్తదానికి బానిసనయ్యాననీ ఆయన వాపోయారు. నలభై రెండు వేల సైకిలు ఇంటికొస్తే దాన్ని రావిచెట్టు కింద ఆనించి పూజకు వెళ్ళగలనా? తాళం కావాలి, గొలుసు కావాలి, వానకు తడవని చోటు కావాలి. పూజలో కూర్చున్నా మనసు చెట్టు కిందనే. పాడైతే మా ఊరి సైకిలు షాపు అబ్బాయి చేయలేడు, పట్నం పోవాలి. ఇన్నాళ్ళూ పంచరు వేసి, బెండు తీసి, ఓవరాయిలింగు చేసి నన్ను నడిపించినవాడి చేతికి పని తప్పిపోతుంది.

ఇంకొక వైపు కూడా చూడాలి. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కోసం తలా రెండు వేల రూపాయలు ఇచ్చింది. పై తరగతుల్లో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగిందని తరువాత పరిశోధకులు లెక్కతేల్చారు. ఒక మామూలు సైకిలు ఒక పిల్ల చదువును నిలబెట్టగలదు. ఈ సంగతి తెలిశాక నలభై రెండు వేలను ఒక్క సైకిలుగా చూడడం నాకు కష్టమైంది.

అయితే ఇక్కడా ఒక వల ఉన్నది. ఆ డబ్బు నాది కాదు, నా కొడుకుది. పరుల సొమ్ముతో దానకర్ణుడు కావడం ఎవరికైనా తేలికే. పాతదాన్ని ఎవరైనా బీదపిల్లకు ఇచ్చేద్దామనీ అనుకున్నాను. బ్రేకు పడని సైకిలా ఇవ్వడం? మనకు ప్రమాదమైనది పేదవాడికి దానమెలా అవుతుంది?

చివరకు వాడితో ఇలా అన్నాను: "నీ ప్రేమను కాదనను. దీనికి రిమ్ములు, బ్రేకులు, టైర్లు, చైను కొత్తవి వేయించు. మూడు వేలు దాటదు. నాకు అక్కరైనది అంతవరకే. మిగతాది నీ డబ్బు, దేవుని ముందు నీవే ఆలోచించుకో." వాడు షాపు అబ్బాయికి ఆ డబ్బు ఇచ్చి వెళ్ళాడు. మిగతాది ఏమి చేశాడో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

ఖరీదైన సైకిలు ఉన్నవారు నొచ్చుకోకండి. ఇటలీ దేశపు జీనో బార్తాలి 1938లోనూ, 1948లోనూ ఫ్రాన్సు సైకిలు పందెం గెలిచిన వీరుడు. 1943-44లో యూదుల ప్రాణాలు కాపాడే దొంగ గుర్తింపు పత్రాలను తన సైకిలు గొట్టంలో దాచి, సాధన చేస్తున్నట్టుగా ఫ్లోరెన్సు, అస్సీసి పట్టణాల మధ్య మోసుకెళ్ళాడు. బతికినంతకాలం దాన్ని చాటుకోలేదు. పందెగాడి సైకిలు కాబట్టే సైనికులకు అనుమానం రాలేదు. చవకదా, ఖరీదైనదా అన్నది ఆ పత్రాలకు పట్టలేదు.

మీ ఇంట్లోనూ ఏదో ఒక వస్తువు ఇటువంటి ప్రశ్నతో నిలబడి ఉండవచ్చు. సైకిలే కానక్కర లేదు. కొనేముందు, వద్దనేముందు కూడా మూడు సంగతులు చూసుకోండి. ఇది నా పనికా, ఇతరుల కళ్ళకా? దీనికి నేను యజమానిగా ఉంటానా? నా నిర్ణయానికి వెల ఎవరు చెల్లిస్తారు? జవాబులు ఇంటింటికీ వేరు. ప్రశ్నలు మాత్రం అందరివీ.

నిన్న గట్టు దిగేటప్పుడు బ్రేకు నొక్కాను. సైకిలు ఆగింది.