ప్రధాన సంఖ్యా, ప్రయోజనవాదమూ

ఏ రచననైనా, ఏ శాస్త్రాన్నైనా ముందుకు పిలిచి, నీవల్ల ప్రజలకేమి ప్రయోజనమని నిలదీయడం మన అభ్యుదయ విమర్శకు అలవాటు. అలవాటు మంచిదే. కాని ఆ ప్రశ్న అన్ని సందర్భాల్లోనూ మనదేనా అన్నది విచారించవలసి వుంది.

1811లో పీటర్ బార్లో అనే ఆంగ్ల గణితజ్ఞుడు ఈ మాటే ఎత్తాడు. 31 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసివేస్తే 2,14,74,83,647 వస్తుంది. అది ప్రధాన సంఖ్య అని, అనగా ఒకటీ తానూ తప్ప మరే సంఖ్యా దాన్ని నిశ్శేషంగా భాగించదని 1772లో ఆయిలర్ నిరూపించి వున్నాడు. దాని నుండి పుట్టే పరిపూర్ణ సంఖ్య కంటె పెద్దది ఎన్నటికీ దొరకబోదన్నాడు బార్లో. గణితం చాలక కాదు. ఇవి వట్టి వింతలు, లాభం లేనివి, కనుక ఎవరూ పూనుకోరట! వర్తకుని తర్కమిది. 65 ఏండ్లు గడిచాయో లేదో, 1876లో ఫ్రాన్సులో ల్యూకా ఘాతాన్ని 127 దాకా పెంచి, 39 అంకెల ప్రధాన సంఖ్యను చేతిలెక్కతోనే పట్టుకున్నాడు.

ఆయనదే మరొక ఫలితం నాకు ఇంతకంటె ముఖ్యంగా తోస్తుంది. 67 ఘాతంతో వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్యేనని మెర్సెన్ అనే మతగురువు 1644లో ప్రకటించాడు. కాదని ల్యూకా తేల్చాడు, కాని దాని కారణాంకాలను చూపలేకపోయాడు. 1903లో అమెరికాలో కోల్ చూపాడు: 19,37,07,721, 7,61,83,82,57,287. చూడక ముందు అవి ఎక్కడున్నాయి? ప్లేటో స్వర్గంలోనని భావవాది అంటాడు. లెక్క మానవ కల్పన మాత్రమేనని మరొకడంటాడు. ఇద్దరితోనూ నాకు పేచీయే. గొర్రెలనూ గింజలనూ కొలిచే శ్రమలో నుండే లెక్క పుట్టింది. పుట్టిన తర్వాత దాని నియమాలు మన యిష్టానికి లొంగవు. మతగురువు మాటకు 67 లొంగలేదు గదా!

ఇక ప్రయోజనం సంగతి. తన సంఖ్యాశాస్త్రం యుద్ధానికి పనికిరాదని 1940లో హార్డీ గర్వించాడు. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్‌లు, రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విడదీయడంలోని కష్టాన్నే ఆధారం చేసుకుని రహస్యలిపి నిర్మించారు. బ్యాంకుల ఖాతాలకూ ప్రభుత్వాల గుట్టుకూ అదే తాళమయింది. చూశారా, చివరికి ఉపయోగపడిందని మనవాళ్ళు సంబరపడతారు. ఇది సగం నిజం. ఆ తాళానికి కొన్ని వందల అంకెల సంఖ్యలు చాలు. 2024లో దొరికిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య ఏ తాళానికీ పనికిరాదు. లోకమంతకూ తెలిసిన సంఖ్యతో రహస్యమేమిటి? లేని ఉపయోగాన్ని అంటగట్టి జ్ఞానాన్ని సమర్థించడం, బార్లో త్రాసును ఒప్పుకుని తూకంలో మోసం చేయడమే.

ఈ వెదుకులాటను 1996 నుండి స్వచ్ఛందంగా చేరిన వేలాది మంది, తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని కలిపి సాగిస్తున్నారు. కూలి కోసం కాదు, తెలుసుకోవాలని. ఇటువంటి తీరికను వృథా అనడానికి నాకు నోరు రాదు. పనిగంటలు తగ్గించమని శ్రామికుడు పోరాడింది మరింత పని కోసమా? అయితే 2024 నాటి సంఖ్య ఇంటి కంప్యూటరులో చిక్కలేదు. ల్యూక్ డ్యురాంట్ అనే ఒక్క వ్యక్తి 17 దేశాలలో వేలాది యంత్రాలను నడిపి పట్టుకున్నాడు. ఆ తీరిక ఎవరిది, ఆ యంత్రాలెవరివి అని అడగండి, అభ్యంతరం లేదు. సంఖ్యను మాత్రం బోను ఎక్కించకండి.